మార్కెట్టుకు పోని గూళ్ళు

వచ్చేశాయి. ఒకటి కాదు, మూడు. ఈ రోజు పొద్దున ఎనిమిదింబావుకి బడి తాళం తీసి, కిటికీ కింద పెట్టిన అట్టపెట్టె మూత ఎత్తేసరికి మూడు పట్టుగూళ్ళ చివర్లూ తడిసి, గోధుమరంగు తిరిగి, విచ్చుకుని ఉన్నాయి. పక్కనే మూడు చిమ్మటలు. తెల్లగా, బొద్దుగా, దువ్వెనల్లాంటి మీసాలతో, రెక్కలు ఆపకుండా వణికిస్తూ కూర్చున్నాయి. వాటిని చేతిమీదికి ఎక్కించుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. చీరంతా వాటి రెక్కల పొడి.

డిగ్రీ పాసైన రోజు కూడా నేనింత సంతోషపడలేదు. మా ఇంట్లో డిగ్రీ అంటే ఏమిటో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఆ రోజు సంతోషపడటానికి ముందు అందరికీ విడమరిచి చెప్పాల్సి వచ్చింది. చెప్పడం అయ్యేసరికి అలసట వచ్చేసింది. ఈ రోజు అట్లా కాదు. ఎవరికీ ఏమీ వివరించక్కర్లేదు. రండి, చూడండి అంటే చాలు.

కానీ ఎవరు చూడాలని ఇన్ని నెలలు ఈ పెట్టెను కాపలా కాశానో, ఆ నాలుగో తరగతి పిల్ల ఈ రోజు బడికి రాలేదు.

మా బడి ఉన్న ఊరు పుంగనూరు నుంచి బస్సులో ముప్పావుగంట, దిగాక పావుగంట నడక. ఐదు తరగతులు, రెండు గదులు, ఇద్దరు టీచర్లం. హెడ్మాస్టరు సారు, నేను. ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఆవుల్ని సాకుతారు, సగం ఇళ్ళవాళ్ళు షెడ్లలో పట్టుపురుగుల్ని పెంచుతారు. ఈ పిల్లది ఊరికి కొంచెం ఎడంగా ఉన్న పల్లె. వాళ్ళింట్లో రెండూ ఉన్నాయి.

బడి తెరిచిన కొత్తలో సీతాకోకచిలుక జీవిత చక్రం పాఠం చెప్పాను. పుస్తకంలో గుండ్రంగా నాలుగు బొమ్మలుంటాయి. గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు. మన ఊరి పట్టుపురుగుకి కూడా ఇట్లాంటి చక్రమే ఉంటుంది, పుస్తకం మూసి మీరే గీయండి అన్నాను. ఇంతకంటే సులభమైన పాఠం ఈ ఊరికి ఇంకోటి లేదనుకున్నాను. పురుగుల మధ్య పుట్టిన పిల్లలు కదా.

ఆ పిల్ల చాలా శ్రద్ధగా గీసింది. మొదటి బొమ్మ చాకీ సెంటరు. గుడ్లు పొదిగించి, బుజ్జి పురుగుల్ని కొన్ని రోజులు పెంచి రైతులకిచ్చే చోటు అది. రెండో బొమ్మ పురుగు. మూడోది గూడు. నాలుగోది మార్కెట్టు, పైన రేకులు, ముందర కాటా. మార్కెట్టు నుంచి మళ్ళీ చాకీ సెంటరుకి ఒక బాణం గీసి, ఆ బాణం మీద వాళ్ళ నాయన మోటారుసైకిలు వేసింది. చక్రం సరిగ్గా మూసుకుంది. తప్పని ఎట్లా అనాలో నాకు తెలియలేదు.

"గుడ్డు యాడమ్మే?" అని అడిగాను.

"చాకీ సెంటర్లోనే ఉంటాయి టీచర్."

"ఆడికి యాడినుంచి వస్తాయి?"

"పట్టు ఆఫీసోళ్ళు ఇస్తారు."

"ఆఫీసోళ్ళకి ఎవురిస్తారు?"

కొంచెం ఆలోచించింది. "వాళ్ళు ఆఫీసోళ్ళు కదా టీచర్. వాళ్ళకాడ ఉంటాయి."

అప్పుడు చెప్పాను. గూటిలో పురుగు ఊరికే పడుకోదని, రెక్కల పురుగై బయటికొస్తుందని, గుడ్లు పెట్టేది అదేనని. తరగతంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు లెక్క తేల్చేటప్పుడు పెట్టే మొహం పెట్టింది.

"మా ఇంట్లో ఏడాదికి ఐదుసార్లు గూళ్ళు దింపుతాము. నేను పుట్టినప్పట్నించీ ఒక్కసారన్నా రాలేదు. మీరు సూసినారా టీచర్?"

చూశానన్నాను. అది అబద్ధం.

మదనపల్లెలో మూడేళ్ళు జువాలజీ చదివాను. పట్టుపురుగు జీవిత చక్రం పరీక్షలో వచ్చింది, నాలుగు బొమ్మలు గీసి, పేర్లు రాసి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. ల్యాబులో సూదికి గుచ్చిన చిమ్మటను చూశాను. ఎన్నేళ్ళదో, పట్టుకుంటే పొడైపోయేట్టు ఉండేది. సెలవుల్లో గుర్రంకొండ దగ్గర మా ఊరికి పోయి, పక్కింటివాళ్ళ మల్బరీ తోటలో ఆకు కోతకు కూలికి పోయేదాన్ని. మేం గొర్రెలు కాసేవాళ్ళం, మాకు షెడ్డు లేదు. అంటే ఆకు నా చేత్తో కోశాను, బొమ్మ నా చేత్తో గీశాను, మధ్యలో జరిగేది మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మరి చూశానని ఎందుకు చెప్పాను? కుప్పంలో నేర్చుకున్న అలవాటు అది. ఈ ఉద్యోగం రాకముందు అక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో ఒక ఏడాది పనిచేశాను. రెండో తరగతి పిల్లల్ని ప్రహరీ పక్కన చీమలపుట్ట చూపించడానికి తీసుకుపోతే, యూనిఫారాలు మట్టయ్యాయని సాయంత్రం ప్రిన్సిపాలు మేడం పిలిచారు. అది సరే. అంతకంటే పెద్ద తప్పు, ఒక పిల్లాడు చీమలు నిద్రపోతాయా అని అడిగితే నాకు తెలీదు, కనుక్కుని చెప్తానన్నాను. "తెలీదని మాత్రం ఎప్పుడూ అనొద్దమ్మా. ఇంటికి పోయి మా టీచరుకే తెల్దంట అని చెప్తారు. ఏదో ఒకటి చెప్పేయి" అన్నారు మేడం. అట్లా ఏదో ఒకటి చెప్పేయడం నాలుక మీద కూర్చుంది.

ఆ సాయంత్రం బస్సులో పుంగనూరు దాకా ఆ పిల్ల మొహమే కళ్ళముందు. అబద్ధం చెప్పాను కాబట్టి ఇక దాన్ని నిజం చేయాలి. తెల్లారి బళ్ళో ప్రకటించాను. గూళ్ళు తెచ్చి ఇక్కడే పెడదాం, రెక్కల పురుగు బయటికి రావడం అందరం చూద్దాం.

మొదటిసారి ఆ పిల్లే గూళ్ళు తెచ్చింది. మార్కెట్టుకు పనికిరావని ఏరి పక్కన పడేసినవి, మచ్చలున్నవి, మెత్తవి. వాటిని అగ్గిపెట్టెల్లో సర్ది, పేర్లు రాయించాను. రెండో రోజే ఒక గూటికి చిన్న బొక్క పడింది. పిల్లలు బెంచీలు ఎక్కారు. "వచ్చింది టీచర్, వచ్చింది" అని గోల. నేను కూడా పరుగెత్తాను. బొక్కలోంచి తెల్లటి, ఎముకల్లేని వేలు లాంటి పురుగొకటి జారి కిందపడి, బండల సందులోకి పాకిపోయింది. ఇంకో గూట్లోంచి ఇంకోటి.

"అది ఊజీ, టీచర్" అంది ఆ పిల్ల, కదలకుండా కూర్చుని. "ఊజీ ఈగ పురుగు మీద గుడ్డు పెడతాది, దాని పిల్ల లోపలుండి పురుగుని తినేసి బయటికొస్తాది. మా ఇంట్లో అందురికీ తెలుసు. దానికి పాఠం యాల?"

మిగిలిన గూళ్ళు బ్లేడుతో కోస్తే లోపల నల్లటి నీళ్ళు. గది రెండు రోజులు కంపు కొట్టింది. పరీక్షలో ఒకడు గూటిలోంచి ఈగ వచ్చును అని రాశాడు. వాడు కళ్ళతో చూసిందే రాశాడు, సున్నా వేయడానికి చెయ్యి రాలేదు.

రెండోసారి మంచి గూళ్ళు కావాలనుకున్నాను. ఊళ్ళో ఒక రైతును అడిగితే, బడికే కదా అని గట్టివి, తెల్లటివి పన్నెండు ఇచ్చాడు. పిల్లలు రోజూ ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపేవాళ్ళు. లోపల పురుగు తిరుగుతుంటే టక్కుమని చిన్న చప్పుడు. ఆరో రోజు నేను మీటింగుకి మదనపల్లె పోవాల్సి వచ్చింది. గూళ్ళ పెట్టె కొంచెం చూసుకోమని మధ్యాహ్న భోజనం వండే అక్కకి చెప్పి పోయాను.

తెల్లారి వచ్చేసరికి గూళ్ళు శుభ్రంగా, ఒక పాత గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి. చేత్తో ఊపితే చప్పుడు లేదు.

"అన్నం గుండిగ మీద ఆవిరి పట్టిచ్చినా టీచరమ్మా" అంది అక్క, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "నువ్వు సరైన టయానికి పోయినావు. రేపో మాపో తొలుసుకోని బయటికొచ్చేట్టు ఉండె. బొక్క పడితే దారం తెగిపోతాది, గూడు ఇంగ దేనికీ పనికి రాదు. పెండ్లికి ముందు దారం తీసే మిల్లులో పనిచేసినాను లే, నాకు తెలుసు. నువ్వు కొత్తదానివి, నీకేం తెలుస్తాదిలే అని నేనే చేసేసినా."

ఆమె మొహంలో ఎంత తృప్తి. పిల్లలందరూ ఆమె పక్షమే. "అక్క లేకుంటే అన్నీ పాడయిపోయుండు టీచర్" అన్నారు. నేను బోర్డు వైపు తిరిగి ఆ రోజు తేదీ రాశాను. రాసిన తేదీనే మళ్ళీ చెరిపి రాశాను. మొహం చూపించకుండా ఉండటానికి ఇంకేం పని దొరకలేదు.

అప్పుడే నాకు తెలిసింది. పుస్తకంలో నాలుగో బొమ్మ ఏదైతే ఉందో, ఈ ఊళ్ళో ఇల్లిల్లూ రాత్రీ పగలూ కష్టపడేది అది జరగకుండా ఉండటానికే. గూడు దింపిన రోజే మార్కెట్టుకు పరుగెత్తేది అందుకే. పాఠం నేర్పడానికి నేను కోరుకునేది, వాళ్ళింట్లో నష్టం. ఆ పిల్లకి తెలియకపోవడం తెలివితక్కువ కాదు, వాళ్ళ నాయన పని సరిగ్గా చేస్తున్నాడని దాని అర్థం. ఈ మాట ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

సారుకి చెప్పుకున్నాను. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తలేదు. "పురుగు బయటికొచ్చిందా రాలేదా అని నిన్నెవురూ అడగరమ్మా. ఫోటోలు ఎక్కించినావా, మార్కులు ఎక్కించినావా అని అడుగుతారు. ముందు అవి సూడు."

నిజమే. పొద్దున హాజరు యాప్‌లో మా ఫోటో, తర్వాత గదుల ఫోటో, కోడిగుడ్ల ఫోటో, పళ్ళేల ఫోటో. సిగ్నలు కిటికీ దగ్గరే వస్తుంది కాబట్టి సగం పీరియడు నేను ఫోను పట్టుకుని కిటికీలోంచి బయటికి వేలాడుతూ ఉంటాను. పిల్లలకి నా వీపే ఎక్కువ తెలుసు.

అమ్మకి ఫోనులో చెప్తే నవ్వింది. "మేము గొర్రెల్ని కాస్తే, ఇంత సదివి నువ్వు పురుగుల్ని కాస్తాండావా. గొర్రెలన్నా పిలిస్తే పలుకుతాయి కదమ్మే" అంది.

వదిలేద్దామనుకున్నాను. దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వాళ్ళ అవ్వ బడికి వచ్చింది. కొంగుముడిలోంచి ఏడు గూళ్ళు తీసి నా బల్లమీద పెట్టింది.

"కూతురా, నేను సూసినాను దాన్ని" అంది. "కాపురానికి వచ్చిన కొత్తల్లో. సందులో ఒక గూడు మిగిలిపోయి ఉండె, అది పగిలి బయటికొచ్చింది. తెల్లంగా, పొడి రాలుస్తా. మా ఆయన సూస్తే అరుస్తాడని బిన్నా ఉరుకుతా తీసుకపోయి దిబ్బలో పడేస్తి. నా మనవరాలికి సెప్తే, నీకు కండ్లు సరిగా అగపడవు అవ్వా, అది ఊజీ అయ్యుంటాది అంటాది. నేనూ అబద్ధమేనంట, వాళ్ళ టీచరూ అబద్ధమేనంట. దానికి సూపీ."

ఇంట్లో అడిగారా అంటే, "గూళ్ళు ఏరేది నేనే. నా కూలి అనుకో" అంది.

ఈసారి ఎవరికీ అప్పగించలేదు. అయినా రెండో రోజే పెట్టెకి చీమలు పట్టి నాలుగు గూళ్ళు పోయాయి. అప్పట్నించి పెట్టెను స్టూలు మీద పెట్టి, స్టూలు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాను. ఈ సంగతి ఊళ్ళోకి పాకింది. ఇద్దరు రైతులు బడికి వచ్చారు.

"బళ్ళో రెక్కల పురుగుల్ని లేపుతాండారంట. అవి గుడ్లు పెట్టి, వాటికి జబ్బుండి, మా షెడ్లకి తగులుకుంటే ఎవురు జవాబు చెప్తారు సారూ?"

వాళ్ళ మాట కాదనలేను. తల్లి పురుగుకి జబ్బుంటే గుడ్లకి వస్తుందని నేనే పరీక్షలో రాశాను. గుడ్లు తీసేచోట ఒక్కో తల్లినీ నలిపి సూక్ష్మదర్శిని కింద చూసేది అందుకే. సారు మధ్యేమార్గం చెప్పారు. బయటికొచ్చిన మూడో రోజు పెట్టెతో సహా కాల్చేయాలి. పెట్టె ముట్టుకున్నవాళ్ళు స్నానం చేయకుండా ఎవరి షెడ్డు వైపూ పోకూడదు. ఆ రోజు సారు నా తరఫున మాట్లాడినట్టా కాదా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. కానీ వాళ్ళు వెళ్ళాక పెట్టె దగ్గరికి వచ్చి, ఒక గూడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశారు.

ఈలోగా ఆ పిల్ల వాళ్ళ రెండో షెడ్డులో పురుగులు పండాయి. గూడు కట్టడానికి సిద్ధమైన పురుగుల్ని ఒక్కొక్కటీ ఏరి చంద్రికలనే వెదురు తట్టల మీద వేయాలి, ఆలస్యమైతే ఆకుల్లోనే గూళ్ళు కట్టేస్తాయి. ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ కావాలి. బుధవారం నుంచి ఆ పిల్ల రాలేదు.

ఈ రోజు పొద్దున పిల్లలు చుట్టూ మూగారు. మొదట మాట్లాడింది మూడో తరగతి పిల్లాడు.

"ఎగరదా టీచర్?"

చిమ్మటలు రెక్కలు కొట్టుకుంటున్నాయి, అడుగు కూడా లేవట్లేదు. పట్టు చిమ్మట ఎగరలేదని డిగ్రీలో చదివాను. ఇన్ని నెలల హడావుడిలో ఆ ఒక్క సంగతి పిల్లలకి చెప్పడం మర్చిపోయాను.

"ఎగరదు."

"ఇంగ రెక్కలు యాల?"

ఒకమ్మాయి ఆకు తెచ్చి ముందర పెట్టింది. తినలేదు. వీటికి తినడానికి నోరు ఉండదు, నాలుగైదు రోజులు బతికి గుడ్లు పెట్టి పోతాయని చెప్పాను. "పాపం టీచర్" అన్నారు. మనుషులు ఎన్నో తరాల నుంచి వీటిని పెంచీ పెంచీ ఎగరడం లేకుండా చేశారన్నాను. రెక్కలు మిగిలాయి ఎందుకని మళ్ళీ అడిగితే, "నాకు తెల్దు, కనుక్కుని సెప్తా" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అందరూ ఒప్పుకున్నారు.

సారు ఫోటో తీసి టీచర్ల గ్రూపులో పెట్టారు. తనంతట తానే. అవతలినుంచి ఎవరో, మంచి ప్రయత్నం, కానీ సీతాకోకచిలుకకి రంగులు లేవేమి అని అడిగారు. సారు ఫోను జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నానికి ఒక చిమ్మట కాగితం మీద గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. లేత పసుపు, ఆవగింజ కంటే చిన్నవి, వరసగా. ఆఫీసువాళ్ళెవరూ ఇవ్వలేదు. ఇది చూడాల్సింది ఆ పిల్లే.

ఈ రోజు శుక్రవారం. మూడో రోజంటే ఆదివారం, అప్పుడు బడి ఉండదు. ఉన్నది రేపొక్క రోజే. వాళ్ళ పల్లెకి నేనే నడిచి పోదామంటే నా ఒంటినిండా రెక్కల పొడి. స్నానం చేయాలంటే పుంగనూరు గదికి పోవాలి, పోతే మళ్ళీ ఇటు బస్సు లేదు. మాట ఇచ్చాను, ఆ పొడితో వాళ్ళ షెడ్డు ఛాయలకి పోను. సాయంత్రం నాలుగున్నర అయింది, పిల్లలు వెళ్ళిపోయారు, కిటికీలోంచి వేలాడుతూ ఆ పిల్ల వాళ్ళ నాయనకి ఇప్పటికి నాలుగుసార్లు ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడంలేదు. చేతులనిండా పురుగులుంటే ఎవరు ఎత్తుతారు.

ఇంకా ఫోను చేయాల్సినవాళ్ళు:

అమ్మకి. పిలిస్తే పలకవు గానీ వచ్చాయని చెప్పాలి.

మదనపల్లెలో మా జువాలజీ మేడంకి. నాకు మార్కులు వేసిన బొమ్మలో గూటి చివర ఎండినట్టు గీశాను. తడిగా ఉంటుంది మేడం.

కుప్పం స్కూల్లో నా పక్క తరగతి టీచరుకి. పిల్లల ముందు తెల్దని అన్నానని చెప్పాలి. ప్రిన్సిపాలు మేడంకి కాదు.

వంట అక్కకి. పలమనేరులో పెండ్లికి పోయింది. మూడు గూళ్ళూ పాడయిపోయాయని చెప్తే ఎంత బాధపడుతుందో.

ఆ పిల్ల వాళ్ళ నాయనకి, ఐదోసారి.

ఆయన ఎత్తకపోతే వాళ్ళ పల్లెలో పాల సెంటరు ఆయనకి. పురుగులు పండినా పండకపోయినా ఆవుల పాలు పిండక తప్పదు, ఆరు గంటలకి ఆ ఇంట్లోంచి ఎవరో ఒకరు క్యాను పట్టుకుని అక్కడికి వస్తారు. రేపు ఒక్క గంట, ఒక్క గంట పిల్లను పంపమని చెప్పమనాలి. పంపేది అవ్వతో అయితే ఇంకా మంచిది.